చూడకు మాస్టారి నాలుగంకెలు

మా బావ పేరు చెబితే ఊళ్లో సగం మందికి తెలియదు. "చూడకు మాస్టారు" అంటే మాత్రం ఆటో అతను అడ్రసు అడక్కుండా తీసుకొచ్చి గుమ్మం ముందు దింపుతాడు. ఆ పేరు పెట్టింది ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లే. వాళ్లలో నేనూ ఉన్నాను. పైగా ఆయన భార్య మా అక్క. కాబట్టి ఆయన మీద కోప్పడే హక్కు నాకు రెండువైపులనుంచీ ఉంది. ఇది చెబుతుంటే మధ్యమధ్య గొంతు లేస్తే సర్దుకోండి.

ఆయన ఇన్‌స్టిట్యూట్ మందుల కొట్టు మీద మేడగది. ఇనపమెట్లు ఎక్కుతుంటేనే టకటకలు వినబడేవి. లోపల రెండు వరసల బల్లలు, బల్లకో మెషీను, ప్రతి మెషీను మీదా ఒక చెక్క మూత. మూత కిందనుంచి చేతులు దూర్చి కొట్టాలి. మీటలు కనబడవు, ఎదురుగా స్టాండుకి తగిలించిన పాఠం ఒక్కటే కనబడుతుంది. ఎవరైనా మెడ వంచి సందులోంచి తొంగి చూశారో, వెనకనుంచి స్కేలు దెబ్బా, ఆ వెంటే ఒక్క మాటా పడేవి.

"చూడకు."

"ఎక్కడుందో తెలీడం లేదు మాస్టారూ," అని ఎవరైనా ఏడుపు మొహం పెడితే, "నీకు తెలియక్కర్లేదు, వేలికి తెలిస్తే చాలు. నువ్వు ఫీజు కట్టేది కంటికి నేర్పడానికా, వేలికి నేర్పడానికా?" అనేవాడు. మరదలినని నాకు ఒక్క దెబ్బా తగ్గించలేదు. ఆ దెబ్బల పుణ్యమా అనే ఇవాళ వకీలుగారి ఆఫీసులో కూర్చుని, ఎదుటివాళ్లతో మాట్లాడుతూ పేజీలకి పేజీలు కొట్టేస్తున్నాను. ఆ మాట ఒప్పుకోవాలి.

కంప్యూటర్లొచ్చాక మేడమెట్లు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరికి ఆ మెషీన్లన్నీ పాత ఇనుము కొనేవాడు కాటాలో తూచి పట్టుకుపోయాడు. బావ ఒకటి మాత్రం ఇంటికి తెచ్చుకుని కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. ఆయన బుద్ధి మాత్రం అమ్ముడుపోలేదు. ఇంట్లో స్విచ్చులు చూడకుండానే వేస్తాడు. చొక్కా గుండీలు చీకట్లో పెడతాడు. బ్యాంకువాళ్లు కార్డు ఇచ్చినప్పుడు, దాని రహస్య సంఖ్య అంటించిన కవరులో వచ్చింది. "చదివి, గుర్తుంచుకుని, చింపేయండి" అని దాని మీద అచ్చు వేశారు. ఎవరూ పట్టించుకోని ఆ ముక్కని బావ అక్షరాలా పాటించాడు. వీధి చివరున్న ఏటీఎమ్‌కి వెళ్లి, వేళ్లకి పట్టుబడేదాకా ఆ నాలుగంకెలూ కొట్టి కొట్టి, కాగితం చింపి ముక్కలు మురిక్కాలవలో వేసి వచ్చాడు. తర్వాత ఆ అంకెలేమిటో నిజంగానే మరిచిపోయాడు.

"నంబరెంతండీ? నాకూ చెప్పి ఉంచండి," అని అక్క అడిగింది ఒకసారి.

"నాకేం తెలుసు? నా వేళ్లనడుగు," అన్నాడు.

అందరం పడీ పడీ నవ్వాం. నేనైతే ఆఫీసులో కూడా చెప్పి నవ్వించాను.

మా అక్కకి జీవితంలో కోరికలు తక్కువ. ఉన్న ఒక్క కోరికా విచిత్రమైనది. "నన్నెవరూ మాస్టారి భార్యగారూ అని పిలవని చోట నాలుగు రోజులు తిరగాలే," అనేది. మెషీన్లు అమ్మిన డబ్బుకి దాచుకున్నది కలిపి బావ ఆ కోరిక తీరుస్తానన్నాడు. మా వీధిలోనే టిక్కెట్లు బుక్ చేసే అతను విమానం, హోటలు గది అన్నీ ఏర్పాటు చేశాడు. ముందుగా కట్టాల్సినవి ఇక్కడే కట్టేశారు. బావ బ్యాంకుకి వెళ్లి, కార్డు పై దేశంలో పనిచేసేలా చేయించుకుని కూడా వచ్చాడు. ఆయన్ని ఏమైనా అనొచ్చుగానీ అజాగ్రత్త మనిషని అనలేం.

డబ్బు విషయంలో అక్క ఆయన్ని మించిపోయింది. మార్పించిన నోట్లని మూడు భాగాలు చేసింది. ఒకటి జాకెట్లో కుట్టుకున్న చిన్న సంచిలో, ఒకటి పెట్టె అడుగున చీర మడతలో, ఒకటి బావ మేజోడులో. మేజోట్లో డబ్బు పెట్టుకుని నడిచేసరికి బావకి కాలు కుంటిలా పడేది. "దొంగ ఎవడైనా ఉంటే ముందు ఆ కాలే చూస్తాడు బావా," అని నేనేడిపించాను.

బయల్దేరేముందు బావ తన ఫోను ఆపి బీరువాలో పెట్టేశాడు. అక్కడికెళ్లాక అక్కడి సిమ్ము అక్క ఫోనులో వేసుకుంటారట. ఇక్కడి సిమ్ము అక్కడ తీస్తే మాట మాటకీ డబ్బు గుంజుతారని ఎవరో చెప్పారు.

"బ్యాంకు మెసేజీలు ఈ నంబరుకే కదా వస్తాయి?" అన్నాను.

"వచ్చేవన్నీ అప్పు తీసుకోండి తీసుకోండి అనేవే. నాలుగు రోజులు తీసుకోకపోతే వాళ్లకేం నష్టం?" అన్నాడు. ఇంటి తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

అక్కడ మొదట అంతా బాగానే జరిగింది. పడవెక్కారు. అక్క తలకి గుడ్డ కట్టుకుని గాలికి కళ్లు మూసుకున్న ఫొటో పంపింది. చిల్లర ఖర్చులకి కార్డుని మెషీనుకి అలా తాకిస్తే చాలట, నంబరే అడగలేదట. "మన కార్డుని చూస్తేనే ఇక్కడ అందరూ నవ్వుతున్నారు," అని బావ ఫోన్లో గర్వంగా చెప్పాడు. కార్డు ఉందన్న కొండంత ధైర్యంతో మేజోడు డబ్బు కూడా తీసి ఖర్చు పెట్టేశారు.

ఒక పొద్దున్న అక్క హోటలు గదిలో మొహం కడుక్కుంటుంటే కుడికంట్లో నల్లటి నూలుపోగులు తేలాయట. సబ్బు పోయిందనుకుని మళ్లీ కడిగింది. మూలనుంచి మెరుపులు మెరిశాయి. తర్వాత కిందినుంచి ఒక నల్లటి తెర మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. మా అక్క సంగతి నాకు తెలుసు, ఎవరికీ చెప్పకుండా సర్దుకుందామని చూసి ఉంటుంది. మెట్లు దిగుతూ చివరి మెట్టు కనబడక తూలేసరికి అప్పుడు చెప్పింది.

హోటలావిడ కారు పిలిచి కంటి ఆసుపత్రికి పంపింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద కన్ను బొమ్మ వేసింది. ఆవిడ భాష వీళ్లకి రాదు, వీళ్ల భాష ఆవిడకి రాదు. మధ్యలో ఫోను మాట మార్చి చెప్పింది. ఆ ఫోను తెలుగు పౌరాణిక నాటకం తెలుగు.

"అమ్మా, తమ నేత్రమందలి వెనుక పొర ఊడివచ్చుచున్నది. మధ్యభాగము ఇంకను అంటుకొనియున్నది. నేడే శస్త్రచికిత్స జరిగిన చూపు నిలుచును. మధ్యభాగము ఊడిన పిదప చేసినను పూర్తిగా రాదు."

అంత భయంలోనూ తనకి నవ్వొచ్చిందని అక్క తర్వాత నాతో చెప్పింది. బావకి రాలేదు. ఆయన ఆ కాగితం మీద బొమ్మలో మధ్యనున్న చుక్కనే చూస్తూ కూర్చున్నాడట.

కింద డబ్బు కట్టే కిటికీ ఉంది. సగం సొమ్ము కడితేగానీ లోపలికి తీసుకోరు. ప్రయాణానికి తీసుకున్న బీమా వాళ్లకి ఫోను చేస్తే, ముందు మీరు కట్టండి, ఇంటికెళ్లాక బిల్లులు పంపండి అన్నారు. సర్కారు ఆసుపత్రిలో అయితే వంతు వచ్చేసరికి రెండు రోజులు పడుతుందట. అక్క జాకెట్లోదీ చీర మడతలోదీ కలిపినా సొమ్ము చాలలేదు. "కార్డుంది," అన్నాడు బావ. కార్డులో డబ్బూ ఉంది. అదే నా కడుపుమంట. లేనివాళ్ల కష్టం వేరు. వీళ్లకి ఉంది.

కిటికీలో అమ్మాయి ఒక చిన్న మెషీను ముందుకి జరిపింది. అద్దం పలక లాంటిది, మీటలు లేవు. బావ అలవాటు ప్రకారం మొహం పక్కకి తిప్పుకుని, ఠీవిగా నాలుగుసార్లు పొడిచాడు. మెషీను కూత కూసింది. తప్పు. అప్పుడు చూశాడు దాని వంక. అంకెలన్నీ చిందరవందరగా ఉన్నాయి. తొమ్మిది పక్కన రెండు, రెండు కింద ఆరు. వెనక నిలబడ్డవాళ్లు వేళ్ల కదలిక చూసి నంబరు పసిగట్టకుండా ప్రతిసారీ అలా కలిపేస్తారని ఆ అమ్మాయి చేతులూపుతూ చెప్పింది.

"మీ నంబరు ఏదో దాన్ని వెతుక్కుని నొక్కండి," అన్నట్టు సైగ చేసింది.

నంబరు బావ దగ్గర ఉంటేగా!

ఉపాయం అక్కే చెప్పింది. "ఫోన్లో అంకెలు మన వీధి ఏటీఎమ్‌లో లాగే వరసగా ఉంటాయి కదండీ. దాని మీద కొట్టండి, ఏం పడుతుందో నేను చూస్తాను." బావ కళ్లు మూసుకుని ఫోను మీద కొట్టాడు. ఒక నంబరు పడింది. మళ్లీ కొట్టమంటే ఇంకో నంబరు పడింది. నున్నటి గాజు మీద వేలికి ఆనవాలు చిక్కలేదు. ఏటీఎమ్ మీద అయిదు అంకె మీటకి చిన్న చుక్క ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆయన వేలు ముందు ఆ చుక్క తడుముకుని, అక్కణ్నుంచే దారి వెతుక్కునేది. చూస్తూ కొడదామంటే అసలే రాలేదు. చూడొద్దని అన్నేళ్లు నేర్పిన వేళ్లవి, చూస్తే సిగ్గుపడి ముడుచుకుపోయాయి. రెంటిలో మొదటిదే సరైనదిలా ఉందనుకుని మెషీనులో నొక్కారు. మళ్లీ తప్పు. ఆ అమ్మాయి ఒక వేలు పైకెత్తి చూపించింది. ఇంకొక్కసారే. అదీ తప్పితే మర్నాటిదాకా కార్డు తెరుచుకోదు.

అప్పుడు అక్క తన చేతి గాజులు తీసి కిటికీలో పెట్టింది. ఆ అమ్మాయి పాపం, వాటిని రెండు చేతులతో పట్టుకుని మళ్లీ అక్క చేతికే తొడిగింది. గాజులు తీసుకోకపోవడం కన్నా, అంత మర్యాదగా తీసుకోకపోవడం అక్కకి ఇంకా కష్టమనిపించిందట.

"నిజం మీటలున్న మెషీను చూపించండి చాలు," అన్నాడు బావ. ఫోను ఆ మాటని ఏమని మార్చిందో గానీ, ఆసుపత్రి కాపలా అతను అర్థం చేసుకుని వీధి మలుపు దాకా వెంట వచ్చాడు. బట్టలుతికే దుకాణం పక్కన గోడలో ఒక ఏటీఎమ్ ఉంది. ఇనప మీటలు. బావ మొహం వెలిగిపోయిందట. ఇంటి దగ్గర పాత స్నేహితుడు ఎదురొచ్చినట్టు దాన్ని నిమిరాడట. మధ్య మీట మీద వేలు పెట్టి చూశాడు. చుక్క ఉంది.

"ఇంకేం భయం లేదు," అన్నాడు అక్కతో. అక్క ఆయన భుజం పట్టుకుని నిలబడింది. అప్పటికి ఆమె కంట్లో నల్లటి తెర సగం దగ్గరికి వచ్చింది.

బావ కార్డు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు టకటకా నాలుగు మీటలు కొట్టాయి. ఎక్కడా తడబడలేదు. అంత చక్కగా తన జన్మలో కొట్టలేదని ఇప్పటికీ అంటాడు.

కార్డు బయటికి వచ్చేసింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. చదవడం రాకపోయినా అర్థమైంది.

అక్క ఎడమకన్ను దగ్గరగా పెట్టి మీటలు చూసింది.

"ఏవండీ, ఇక్కడ ఏడు పైనుంది."

నిజమే. ఆ మెషీనులో ఏడు, ఎనిమిది, తొమ్మిది పై వరసలో ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు కింద ఉన్నాయి. పాత లెక్కల మెషీన్లలో ఉన్నట్టు. నడిమి వరస మాత్రం మామూలే. అందుకే చుక్క ఉండాల్సిన చోటే ఉంది, ఆయన వేలికి అనుమానం రాలేదు. ఒక్కసారి కిందికి చూసి ఉంటే చాలు. ఒక్కసారి! ఊరందరి పిల్లల మెడలూ నిటారుగా నిలబెట్టిన మనిషి, ఆ ఒక్కసారి మెడ వంచలేదు. తిట్టాలని నోటిదాకా వస్తుంది నాకు. ఎవర్ని తిట్టను?

ఆ తర్వాత నాకు ఫోను చేశారు. నేను ఆఫీసులో ఉన్నాను. బ్యాంకువాళ్లతో మాట్లాడితే, కొత్త నంబరు పెట్టుకోవచ్చు, దానికో సంకేతం మీ ఫోనుకి పంపుతాం అన్నారట. ఆ ఫోనేమో బీరువాలో ఉంది. నేను వకీలుగారికి చెప్పీ చెప్పకుండా ఉరికాను. తాళం తీసి, బీరువా తీసి, ఫోను చచ్చి ఉంటే చార్జింగు పెట్టి, అది కళ్లు తెరిచేదాకా దాని ముందు గొంతుక్కూర్చున్నాను. ముందు అప్పు తీసుకోండి మెసేజీలు బొలబొలా రాలాయి. వాటి వెనక సంకేతం వచ్చింది. ఆ అంకెలు ఫోన్లో అరిచి అరిచి చెప్పాను. అందాయి. హమ్మయ్య అనుకున్నాను.

బావ బ్యాంకుకి మళ్లీ చేశాడు. అటునుంచి ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడట. "చాలా సంతోషం సార్. ఇప్పుడు కార్డు తీసుకుని, మా బ్యాంకు ఏటీఎమ్ దగ్గరికి వెళ్లి, ఆ సంకేతం కొట్టండి."

వాళ్ల బ్యాంకు ఏటీఎమ్ మా వీధి చివర ఉంది. నేను కిటికీలోంచి చూస్తే బోర్డు కూడా కనబడుతోంది. కార్డేమో సముద్రాలవతల ఉంది. ఏం చేయను? నా దగ్గరున్నది పంపుదామంటే అక్కడికి చేరడానికి రెండు రోజులన్నారు. అక్కడున్న మన దేశపు ఎంబసీకి ఫోను చేస్తే సెలవని రికార్డు వేసిన గొంతు చెప్పింది. వాళ్ల మంచం మీద కూర్చుని బావ ఫోను ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చాను. కాళ్లూ చేతులూ ఉన్న మనిషిని, నాతో ఎవరికీ ఏ ఉపయోగమూ లేకపోయింది.

డాక్టరమ్మ అక్కని కదలకుండా ఒకవైపుకి తిరిగి పడుకోమంది. అదృష్టం బాగుంటే పొర ఆగుతుంది అందట. అంటే, ఫోను "దైవానుగ్రహమున్నచో" అందట.

తెల్లవారాక ఇద్దరూ మళ్లీ ఆ ఇనప మీటల దగ్గరికి వెళ్లారు. ఈసారి కార్డు పెట్టలేదు. బావ కళ్లు మూసుకుని ఉత్త మీటలు కొట్టాడు. అక్క ఎడమకంటితో వేలు ఎక్కడ పడుతోందో చూసి, పై వరసని కిందికీ కింది వరసని పైకీ మార్చి లెక్క కట్టింది. నాలుగంకెలు తేలాయి. ఆసుపత్రి కిటికీ దగ్గర అద్దం పలక మీద, కలిసిపోయిన అంకెల్లోంచి ఒక్కొక్కటే వెతికి అక్కే నొక్కింది. మెషీను చల్లగా చీటీ ఇచ్చింది. కిటికీలో అమ్మాయి చప్పట్లు కొట్టిందట.

బావ నవ్వుతూ అక్క వైపు తిరిగాడు. "చూశావా, వేళ్లకి తెలుసన్నానా!"

అక్క తన ఎడమకన్ను చేత్తో మూసుకుని ఆయన మొహంలోకి చూసింది. కాసేపు చూసి, "మీ మొహం లేదండీ ఇందులో," అంది. "పైన గోడ కనబడుతోంది. మీరు లేరు."

ఆపరేషను చేశారు. డాక్టరమ్మ మంచిది, చేయగలిగిందంతా చేసింది. ఆ కంటికి ఇప్పుడు వెలుగు తెలుస్తుంది, మనిషి అడ్డొస్తే నీడ తెలుస్తుంది. అంతే. బావ రోడ్డు మీద ఎప్పుడూ అక్కకి కుడిపక్కనే నడుస్తాడు. కొత్త నంబరు పెద్ద అక్షరాలతో రాసి పర్సులో పెట్టుకున్నాడు, అలా పెట్టుకోకూడదని బ్యాంకువాళ్లు చెప్పినా సరే. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్క అసలే అనలేదు. అనుంటే బాగుండేదేమో.

మొన్నామధ్య వకీలుగారి దస్తావేజు ఒకటి అక్కావాళ్లింటికి పట్టుకెళ్లాను. పాత పద్ధతిలో మెషీను మీద కొట్టాల్సిన కాగితం. బావ తానే కొట్టిపెడతానన్నాడు. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు, నేనూ అక్కా వంటింట్లో కూరలు తరుగుతున్నాం. ఎప్పుడూ జడివానలా పడే చప్పుడు ఆవేళ అలా రాలేదు. ఒకసారి టక్కుమంది. కాసేపు ఆగి మళ్లీ టక్కుమంది. నేను తొంగి చూశాను. బావ మెడ బాగా వంచి, మీటల మీదికి వాలిపోయి, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని చూపుడువేలితో కొడుతున్నాడు.

అక్క కత్తిపీట మీదనుంచి లేవకుండానే అడిగింది.

"ఏవండీ, చూసి కొడుతున్నారా?"

"లేదే," అన్నాడు బావ.

"నాకు వినబడుతోందిలెండి," అంది అక్క.

తర్వాత మళ్లీ టక్కుమంది.